మా గేటు ముందు స్టాప్

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క ఆశీస్సులు. ఇక్కడ పిల్లలూ పెద్దలూ అందరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. ఓడ మీద నువ్వు కూడా అలాగే ఉండాలని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. మరదలికి దగ్గు తగ్గింది. నీ పెద్దమ్మాయి లెక్కల్లో గట్టెక్కింది. "నాన్నకి మార్కులు రాయొద్దత్తా, పాసయ్యానని రాయి చాలు" అంది. రాశాను. మూడో ప్రశ్న నీ చిన్ననాటి నేస్తం, మన పొడుగుగాడి గురించి. "బస్సు స్టాపు బోర్డు జరిపింది వాడేనా అక్కా? నీ నోటితో చెప్తే నమ్ముతాను. నిజమైతే ఇక వాడి మొహం చూడను" అని రాశావు. దానికి ముందు నుంచీ చెప్పాలి.

బ్యాటరీ బస్సు సంగతి నీకు సగమే తెలుసు. పొగలేని చిన్న బస్సు ఇస్తాం, ఎక్కడెక్కడ ఆగాలో మీరే తేల్చుకోండి అన్నారు పట్టణ కార్యాలయం వాళ్ళు. బడి హాల్లో బల్లలు కలిపి, వీధుల పటం పరుచుకుని కూర్చున్నాం. ఆ పటం గీసింది పొడుగే. ఆటో తిప్పేవాడికి తెలియని సందేముంది? "బస్సొస్తే నీ పొట్ట కొట్టినట్టేగా, నీకెందుకురా ఈ గోల?" అని కండక్టర్ బాబాయి ఆట పట్టించాడు. రిటైరయ్యాడు గానీ ఆయన గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. "బస్సు దూరని సందులన్నీ నావే బాబాయ్. నువ్వు ఈల వేస్తూ కూర్చో" అన్నాడు పొడుగు. అందరం నవ్వాం.

ఖాయం చేసేముందు పరీక్షకి పెట్టి చూద్దామనుకున్నాం. పాత రంగు డబ్బాల్లో సిమెంటు పోసి, ఇనప గొట్టాలు నిలబెట్టి, పైన రేకు బోర్డులు కట్టారు. డ్రైవరు కొత్తవాడు. బోర్డు ఎక్కడుంటే అక్కడే ఆపుతాడు. ఒకటి మన గేటు ముందు పెట్టారు. కింది సందు వాళ్ళకి అదే దగ్గర. అక్కడ బట్టలు కుట్టే పిన్నికి మోకాళ్ళు బొత్తిగా వంగవు కదా. మొదటి రోజే వచ్చి, "గుమ్మం ముందుకి బస్సు తెప్పించావు, చల్లగా ఉండు తల్లీ" అంది.

ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో లెక్క తీసే రోజు, మన బోర్డు తెల్లారేసరికి పైన మలుపులో ఉంది. ఆటో స్టాండు పక్కనే. కింది సందు వాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉండగానే బస్సు ముందు నుంచి వెళ్ళిపోయింది. పిన్ని చెయ్యి ఊపుతూ నాలుగడుగులు పరిగెత్తబోయి గోడ పట్టుకుంది. బస్సులో కూర్చుని రాసుకున్న కార్యాలయం మనిషి మన గేటు దగ్గర సున్నా వేశాడు. మళ్ళీ లెక్క తీయమంటే, "మీవాళ్ళే జరిపారు. ఎవరో తేల్చి చెప్పండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

తేల్చడానికి ఎంతసేపు? బోర్డు దొరికింది ఆటోల పక్కన. బస్సు తప్పినవాళ్ళు ఆటో ఎక్కుతారు. హాల్లో కండక్టర్ బాబాయి లేచి, "పటం గీసిన చేత్తోనే చెరిపావు కదరా" అన్నాడు. "నేను కాదు" అన్నాడు పొడుగు. ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత అందరూ నావైపు తిరిగారు. "మీ గేటేగా అమ్మా, ఎవరైనా కనిపించారా?"

"నేను ఎవర్నీ చూడలేదు" అన్నాను.

అక్షరం అబద్ధం లేదు. వాడు పెన్సిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు సభకు ముందు ప్రార్థన చెప్పింది కూడా నేనే, తమ్ముడూ.

వాడు కాదు. నేను.

ప్రార్థన గది కిటికీ గేటువైపే కదా. కళ్ళు మూసుకుంటే బయట మెట్ల మీద బస్సు కోసం కూర్చున్నవాళ్ళ కబుర్లే: కూరల ధరలు, ఎవరి అల్లుడి గొడవో, తుమ్ములు. మా గేటు ముందు వద్దు అని సభలో అనడానికి నోరు రాలేదు. పెద్దక్క అంత స్వార్థపు మాట అంటుందా అనుకుంటారని. అందుకని వీధి లేవకముందే డబ్బాని పక్కకి వంచి, అంచు మీద దొర్లించుకుంటూ పోయాను. బడి దాకా అనుకున్నాను. మలుపు దగ్గరే ఆయాసం వచ్చి వదిలేశాను. పక్కన ఉన్నది ఆటో స్టాండని నాకు తట్టనే లేదు. చేతులు కడుక్కుని వచ్చి ప్రార్థనకి కూర్చున్నాను. ఆ రోజు మనసు బాగా నిలిచింది కూడా. అది తలుచుకుంటేనే ఎక్కువ సిగ్గు.

మొన్నటి సభలో చెప్పేశాను. ఎవరూ నమ్మలేదు. "ఆ కుర్రాడి మీద జాలితో తన నెత్తిన వేసుకుంటోంది. ఎంత మనసు!" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. "నేనే ఎత్తలేను ఆ డబ్బా, నువ్వెలా మోశావమ్మా?" అన్నాడు బాబాయి.

"మొయ్యలేదు, దొర్లించాను" అంటే నవ్వారు. ఇక చేసేది లేక, వరండాలో పెట్టిన డబ్బాని వంచి, రెండు చేతులతో గొట్టం తిప్పుతూ హాలు మధ్యకి దొర్లించుకొచ్చాను. నవ్వులు ఆగిపోయాయి. సిమెంటు గచ్చు మీద ఆ చప్పుడొక్కటే. ఎవరూ లేవలేదు. చివరికి మరదలే వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఇక చాలు వదినా" అంది.

మళ్ళీ లెక్క తీస్తామన్నారు. స్టాప్ మన గేటు ముందే ఉంటుంది. పిన్ని ఇప్పుడు నాతో మాట్లాడదు. ఆవిడ తప్పేం లేదు.

పొడుగు ఆ సభకి రాలేదు. స్టాండుకి వెళ్ళి, అందరూ వింటుండగానే క్షమించమన్నాను. వాడు ఆటో అద్దం తుడవడం ఆపలేదు. "వీధి అనుకుంటే ఏముందక్కా, రేపు మర్చిపోతుంది. మావాడు కూడా అనుకున్నాడే" అన్నాడు. కండక్టర్ బాబాయి మాట విని నువ్వు వాడికి రాసిన ఉత్తరం జేబులోంచి తీసి చూపించాడు. ఇన్నాళ్ళూ వాడిని తోడబుట్టినవాడిలా చూసుకున్నావు, ఆ మాటలు ఎలా రాయగలిగావని నేను అడగలేను. రాయించింది నేను.

ఈ ఉత్తరం చదవగానే ముందు వాడికి రాయి. నాకు ఆలస్యమైనా సరే. నన్ను ఓదార్చడానికైతే అసలు రాయొద్దు.

ఇట్లు,
నువ్వు నమ్మిన
పెద్దక్క