కిరీటం అంచున చామంతి

గుడివాడ,
శ్రావణ శుక్రవారం, 1997

ప్రియమైన మాధవికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ ఆయన పోయాక కుట్టుమిషన్ మీదే బతుకు ఈడుస్తున్నావు. కోడూరు మాస్టారు గిరిధర్ గారిని చేసుకుంటానంటే తప్పని నేననను. అమ్మ చేసినట్టే అమ్మవారిని అడిగాను. కిరీటం మీద పెట్టిన చామంతి కుడికి రాలితే సరే, ఎడమకి రాలితే వద్దు. అంచున వేలాడుతోంది గాని రాలలేదు. ఓపిక పట్టు.

మా దీప్తిని చూసుకోవడానికి బందరు నుంచి పెళ్లివారు వస్తామన్నారు.

నీ అక్క,
అనసూయ

నాగాయలంక

ప్రియమైన అక్కకి,

చవితి వెళ్లింది, దసరా వెళ్లింది. పువ్వింకా వేలాడుతూనే ఉందా? "మీ అక్కగారి అమ్మవారు సెలవులో ఉన్నారా అండీ?" అని మాస్టారు నవ్వించబోయారు. నాకు నవ్వు రాలేదు. వాళ్లమ్మగారు వేరే సంబంధం చూస్తున్నారు. కాదంటే కాదని రాయి, ఏడ్చి ఊరుకుంటాను. ఇలా వేలాడదీయకు.

నీ మాధవి

గుడివాడ

చిట్టితల్లీ,

అమ్మవారిని తొందరపెట్టకూడదు. ఫ్యాను కట్టేసి మరీ కూర్చుంటున్నాను. పువ్వు ఎండింది గాని కదలడం లేదు.

దీప్తి తాంబూలాలకి అందరం బందరు వెళ్తున్నాం. వానలు, నువ్వు ప్రయాణం పెట్టుకోకు.

నీ అక్క,
అనసూయ

నాగాయలంక

అక్కా,

రావద్దన్నా మీ ఇంటికి వచ్చాను. మీరు బందరులో ఉన్నారు. పక్కింటి రమణమ్మ పిన్ని తాళం తీసి, "అక్క లేకపోతేనేం, దణ్ణం పెట్టుకుని పోవే" అంది. దీపం వెలిగిద్దామని వంగాను. చామంతి కాడకి తెల్లదారం. కిరీటానికి కట్టేసి ఉంది. చిన్నప్పుడు నా జడ రిబ్బనుకి వేసేదానివే, ఆ ముడే.

విప్పాను. పువ్వు రాలింది. ఏ వైపో చూడలేదు. కళ్లు మూసుకున్నాను.

మాధవి

గుడివాడ

ప్రియమైన మాధవీ,

అలా పిలవడానికి కూడా సిగ్గుగా ఉంది.

నువ్వు చూడలేదు. నేను చూశాను. మొదటి శుక్రవారమే కుడికి రాలింది. తీసి మళ్లీ పెట్టి, దారం కట్టాను. నీకు మారుపెళ్లంటే బందరువాళ్లు దీప్తిని వద్దంటారని భయం. ఆ పెళ్లయ్యాక విప్పుదామనుకున్నాను. నా పిరికితనానికి అమ్మవారి పేరు పెట్టాను. ఇప్పుడు పూజగదిలో తల ఎత్తలేకపోతున్నాను.

నిన్న మీ బావగారూ నేనూ బందరు వెళ్లి నీ సంగతి చెప్పాం. "ఆలోచించి కబురు చేస్తాం" అన్నారు. దీప్తికీ అంతా చెప్పాను. "పిన్నికి ముందే చెప్పాల్సిందమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు వేలాడుతున్నది మేము. వేలాడనీ.

కోడూరు కూడా వెళ్లాను. ఆలస్యం చేసింది నేనేనని మాస్టారి అమ్మగారికి చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

శుక్రవారం నాగాయలంక వస్తున్నాను. గుమ్మం దగ్గర నిలబడతాను. కూర్చోమంటేనే కూర్చుంటాను.

అనసూయ