నవ్వినవాళ్ళు బయటికి

ప్రియమైన నాన్నా,

ఫోన్లో మాట్లాడితే ఎవరైనా వింటారని నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. టీవీలో గూఢచారి వేషం మానేసి ఇరవై ఏళ్ళు దాటినా నీకు ఆ జాగ్రత్త మాత్రం పోలేదు.

అమ్మ రాసిన మన సీరియల్‌ని సినిమాగా తీయడం మొదలుపెట్టాం. దర్శకత్వం నాదే. ఖాళీగా పడున్న మందుల గిడ్డంగిలో సెట్ వేశాం. శత్రువు గదిలో నిలువు బీరువాలో దాక్కున్న గూఢచారి తుమ్మి దొరికిపోయి, "తలుపు బాగుచేయడానికి వచ్చానండీ" అని, నిజంగానే కూర్చుని బాగుచేసే సీను ఉంది చూడు, ముందు అదే తీశాం. పండలేదు. హీరో మంచివాడే, కష్టపడతాడు. కానీ ప్రతి మాటకీ కనుబొమలు ఎగరేస్తాడు. చూసేవాళ్ళకి నవ్వు రావడం లేదు, జాలేస్తోంది.

నిర్మాత ఇప్పటిదాకా తీసింది చూసి మొహం మాడ్చుకున్నాడు. నెలాఖరుకల్లా ఈ సీను నిలబడకపోతే సినిమా ఇంకొకరికి అప్పగిస్తాడట. నేను వదలను. అమ్మ రాసింది పరాయి చేతికి పోనివ్వను. నువ్వొచ్చి ఆ గది యజమాని వేషం వేస్తే నాకు కొండంత అండ. కాదనకు.

నీ గడుగ్గాయి


ప్రియమైన గడుగ్గాయీ,

ఉత్తరం అందింది. అంటించిన చోట పరీక్షగా చూశాను, ఎవరూ తెరిచినట్టు లేదు.

ఆ గదిలో దొరికితే ప్రాణం పోతుంది. ప్రాణం మీదికొచ్చినవాడికి కనుబొమలతో ఏం పనో నీ హీరోని అడుగు. ఆ సీను కోసం నేను వడ్రంగి దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాను. తలుపు తిరిగే బందు ఊడదీసి, అరగదీసి, మళ్ళీ బిగించాను. ఆ తర్వాత ఆ బీరువా చచ్చినా కిర్రుమనలేదు, సౌండువాళ్ళు నన్ను తిట్టుకున్నారు కూడా.

మీ ఆఫీసువాళ్ళు పంపిన పోస్టరు చూశాను. అందులో గూఢచారి తల బకెట్లో ఇరుక్కుని ఉంది. అదెందుకో నాకు అర్థం కాలేదు. మీ అమ్మ రాసింది ప్రాణానికి తెగించి పనిచేసినవాడి కథ. దాన్ని నవ్వులపాలు చేస్తానంటే నేను రాను. వేళకి తిను, గొంతు పోయేలా అరవకు.

నాన్న


ప్రియమైన నాన్నా,

ఇది కూర్చుని చదువు. అమ్మ పోయేముందు నాకు చెప్పి, నీకు చెప్పొద్దంది. పోస్టరు నీ దాకా వచ్చాక ఇక దాచి లాభం లేదు. రేపు నలుగురి నోటా వినేకంటే నా నోట వినడమే మంచిది.

మన సీరియల్ హాస్యం, నాన్నా. మొదటినుంచీ అంతే. నీకు తప్ప అందరికీ తెలుసు. నాటకాల్లో నువ్వు హాస్యం వేస్తే ఒక్కరూ నవ్వలేదట, విషాదం వేస్తే మాత్రం వెనక వరసదాకా నవ్వారట. అది చూసే అమ్మ ఈ కథ రాసి, నీకు మాత్రం ఇది బరువైన కథ అని చెప్పింది. సెట్లో ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: నువ్వు చూస్తుండగా నవ్వినవాళ్ళు బయటికి. పత్రికలు కూడా ముందు తను చదివి, దాచాల్సినవి దాచేది. వీధిలో జనం నిన్ను చూసి నవ్వితే అభిమానం అనుకునేవాడివి. అది మాత్రం అబద్ధం కాదు, అభిమానమే.

కోపమొస్తే నన్ను తిట్టు, అమ్మని ఏమీ అనకు. వేషానికి రమ్మని ఇక అడగను. సినిమా మాత్రం ఆపను, నిండా మునిగినదానికి చలేమిటి.

నీ గడుగ్గాయి


ప్రియమైన నాన్నా,

జవాబు లేదు. పక్కింటి టైలరమ్మకి ఫోన్ చేస్తే, "పొద్దున్నే తలుపు తీస్తున్నారమ్మా, పాలు తీసుకుంటున్నారు, పలకరిస్తే మాత్రం ఉలకరు పలకరు" అంది. బాగానే ఉన్నావని తెలిసి ప్రాణం కాస్త కుదుటపడింది.

సీను మళ్ళీ తీశాం. అందర్నీ గంభీరంగా ఉండమన్నాను. గంభీరంగా ఉన్నట్టు నటించారు. హీరో కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు పాపం. శుక్రవారం నిర్మాత స్వయంగా సెట్‌కి వస్తాడట, ఇక తాడోపేడో ఆ రోజే. నేను మాత్రం రేపు మళ్ళీ తీస్తాను, కుదరకపోతే ఎల్లుండీ తీస్తాను. కానీ నిన్ను బాధపెట్టానన్న దిగులుతో చేతులాడటం లేదు. తిట్టడానికైనా ఒక ముక్క రాయి.

నీ గడుగ్గాయి


ప్రియమైన గడుగ్గాయీ,

ఆలస్యం కోపంతో కాదు. ఇన్నేళ్ళు నోరు కట్టేసుకున్నవాడికి నోరు విప్పాలంటే ధైర్యం కూడగట్టుకోవాలి.

నాకు తెలుసు తల్లీ.

మూడో భాగం తీస్తుండగానే తెలిసింది. కెమెరామన్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో, ఎంత గొప్పగా చేశానో అనుకున్నాను. అది టీవీలో వచ్చిన రోజు సెలూన్లో మూల కుర్చీలో, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మొహం నిండా నురగ పూసుకున్న ఒకాయన నన్ను తెరమీద చూసి ఎంత నవ్వాడంటే, ఎక్కడ తెగుతుందో అని మంగలి కత్తి పక్కన పెట్టేశాడు. పెట్టి తనూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే మానేద్దామని సెట్‌కి వెళ్ళాను.

వెళ్ళాక చూశాను. ఎక్కడ నాకు తెలిసిపోయి మనసు కష్టపెట్టుకుంటానో అని ఒకడు పెదవి కొరుక్కుంటున్నాడు, ఒకడు చెమటలు కక్కుతున్నాడు. నా చుట్టూ వాళ్ళు పడే ఆ అవస్థే జనాన్ని నవ్విస్తోంది. తెలుసని నేను ఒక్క మాటంటే, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని కనుబొమలు ఎగరేయడం మొదలుపెడతారు. అందుకే చెప్పలేదు. ఏడేళ్ళు ఊరు ఊరంతా నవ్వుతుంటే తెలియనంత మొద్దావతారం ఎవడైనా ఉంటాడా అని మీలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నా నటనకి దక్కిన బిరుదు అదొక్కటే. పోస్టరు మీద నేను పడ్డ కోపం కూడా ఆ పాత అలవాటే.

గంభీరంగా ఉండమని నటులకి చెప్పి లాభం లేదు. ఎవరి మనసు నొప్పించకూడదో ఆ మనిషిని వాళ్ళ ఎదురుగా కూర్చోబెట్టాలి. గురువారం పొద్దున బండి దిగుతాను, గది యజమాని వేషం నాదే. ఈలోపు నీ వాళ్ళందర్నీ పిలిచి చెప్పు: మా నాన్నకి ఇది హాస్యమని ఇప్పటికీ తెలియదు, పెద్దప్రాణం, తెలిస్తే తట్టుకోలేడు, ఆయన ముందు ఎవరూ నవ్వకండి అని. పోస్టర్లన్నీ పీకించు. ఆ తర్వాత నీ హీరో బందు ఎలా బిగిస్తాడో, శుక్రవారం నీ నిర్మాత ఏమంటాడో చూద్దాం.

నాకు తెలుసన్న సంగతి మీ అమ్మకి తెలుసా అన్నది మాత్రం అంతుచిక్కలేదు. అడిగితే రాయడం మానేస్తుందేమో అని భయం. కొత్త భాగం చదివి నేను "చాలా బరువుగా ఉందోయ్" అంటే, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా, తడితడిగా ఉండేవి. ఆ కళ్ళు చూడడం కోసం జీవితాంతం మొద్దుగా ఉండమన్నా ఉండేవాణ్ణి.

నాన్న