మిరపకాయల వ్యానుకు అడ్డం

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. కొరియా పల్లెల్లో దొంగతనాలు ఎక్కువయ్యాయని టీవీలో చూసి నువ్వు బెంగపడ్డావని తమ్ముడు రాశాడు. భయపడకు. మా ఊరికొచ్చిన దొంగలు దొరికారు. పట్టుకున్నది నేనే.

మొన్న పక్కింటి పున్‌నమ్ అవ్వ ఎండబెట్టిన మిరపకాయల మూటలను ఇద్దరు మగవాళ్లు వ్యానుకెక్కిస్తున్నారు. "మీ అబ్బాయే పంపాడు, పట్నంలో అమ్మిపెడతాడట" అంటుంటే అవ్వ పాపం నమ్మేసింది. నాకు అనుమానం వచ్చి, "ఆ అబ్బాయి పేరేంటి?" అని అడిగాను.

"పరాయి దేశందానివి, నీకెందుకే? తప్పుకో!" అన్నాడొకడు.

నేను తప్పుకోలేదు. మా ట్రాక్టరు తెచ్చి సందు మొగలో అడ్డంగా పెట్టి, తాళం జేబులో వేసుకుని కేకలు పెట్టాను. పొలాల్లో ఉన్న అవ్వలందరూ పారలతో సహా పరిగెత్తుకొచ్చారు. పోలీసులు వచ్చేదాకా వాళ్లిద్దరూ వ్యాను దిగితే ఒట్టు!

"ఈ విదేశీ అమ్మాయి ఎవరు?" అని పోలీసు అడిగాడు. ఏనాడూ నన్ను మెచ్చుకోని మా అత్తగారు, "విదేశీ ఏంటయ్యా? నా కోడలు!" అని కసిరారు. ఊరి పెద్ద నన్ను గస్తీ దళానికి నాయకురాలిని చేశాడు. వాళ్లిచ్చిన పసుపు కోటు నాకు మోకాళ్ల దాకా వస్తోంది.

నాన్న దగ్గు తగ్గిందా? మనింట్లో ఊరబెట్టే చేపల సాసు రెండు సీసాలు పంపు. చెల్లికి చదువు మానొద్దని చెప్పు.

మన వియత్నాం అక్షరాలు రాకపోయినా అత్తగారు నేను రాస్తున్న ఈ కార్డులోకి తొంగిచూస్తూ, "గస్తీకి పెద్ద నా కోడలేనని రాశావా?" అంటున్నారు. రాశానన్నాను. "అయితే ఇంకోసారి రాయి" అంటున్నారు.

నీ కూతురు,
డియెమ్