కొబ్బరిపాలలో వీకా

రోడీ తమ్ముడికి,

ఈ ఓడలో వీకా రాదు. హొనియారా రేవులో ఎదురుచూడకు.

కలప కంపెనీవాళ్లు నరికిన నగాలి చెట్టు మీంచి పడి చచ్చింది. మామూలు ఎలుకకి నాలుగింతలుంది. తాతయ్య చెప్పిన చెట్టెలుక, వీకా, అదే. ఈ జాతి ఇంకా ఉందని ఒక్కదాన్ని చూపించినా మన దీవిలో నరకడం ఆపిస్తామని అక్కడి అడవి ఆఫీసర్లు అన్నారని రాశావుగా! అందుకే పాడవకుండా ఆకుల్లో చుట్టి, పొయ్యి మీద పొగలో దాచాను. కంపెనీకి పొక్కుతుందని అమ్మకి కూడా చెప్పలేదు.

నిన్న నేను తోటకి వెళ్లినప్పుడు కంపెనీ పెద్దమనిషి ఇంటికొచ్చాడు. మెట్లెక్కి వచ్చినవాడు పగవాడైనా ఉన్న మాంసం పెట్టాల్సిందేగా. అమ్మకి చూపు ఆనదు. మనం ఎప్పుడూ వేటాడి తినే కస్‌కస్ జంతువు మాంసం అనుకుని కొబ్బరిపాలలో వండి పెట్టేసింది. ఎముకలు కుక్క పాలయ్యాయి.

నేనొచ్చి వెనక వంటింట్లో అమ్మ మీద అరిస్తే, "చెప్పకుండా దాచింది నువ్వు, తిట్లు నాకా?" అని ఏడ్చింది.

బయట వసారాలో ఆ పెద్దమనిషి ఇంకా వేళ్లు నాకుతూనే ఉన్నాడు. "భలే రుచమ్మా! మీ అడవిలో ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని నన్నడిగాడు.

ఏం చెప్పను తమ్ముడూ? నాకూ తెలియదు.

అక్క