భుజానికి తగిన కర్ర

విశాఖపట్నం
నవంబరు, 2003

కనకరత్నం,

నా భుజం బాగుంది, దిగులు పడకు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నిన్న గోల్ఫ్ ఆటకు వెళ్లాను. దూరం కొట్టే నా పాత డ్రైవర్ కర్రతో ఎంత కొట్టినా బంతి కుడివైపు పొదల్లోకే పోయింది. ఇక నాకీ ఆట అయిపోయిందనుకుని కర్రలు సంచిలో సర్దేశాను. మన ఉప్పలగుప్తం కుర్రాడు, కోచ్ సింహాద్రి చూసి దగ్గరికొచ్చాడు.

“ఆగండి బాబాయిగారూ! మీ స్వింగు నెమ్మదించిందండి. ఈ స్టీలు షాఫ్టు, అదే కర్ర కాడ, మీకిప్పుడు మరీ బిరుసండి,” అని, వంగే గ్రాఫైట్ షాఫ్టున్న ఫెయిర్‌వే వుడ్ అనే ఇంకో కర్ర చేతికిచ్చాడు.

“ముసలివాళ్ల కర్రా ఇది?” అన్నాను.

“ముందు కొట్టండి, తర్వాత తిడుదురుగానండి.”

బంతి ఎత్తుగా, తిన్నగా వెళ్లింది. సంతోషం పట్టలేక, నువ్వు రోజూ కూర్చునే బెంచీ వైపు తిరిగాను. అమలాపురంలో మనవరాలికి నీళ్లు పోస్తుంటావని అప్పుడు గుర్తొచ్చింది. డ్రైవర్‌కీ అలాంటి షాఫ్టే వేయిస్తున్నాను. దాంతో మొదటి దెబ్బ నువ్వొచ్చాకే కొడతాను.

అమ్మాయి సౌజన్యకు నిద్ర పడుతోందా? నీ మోకాలికి నూనె రాస్తున్నావా? కందిపప్పు డబ్బా ఎక్కడ పెట్టావో రాయి. వచ్చేటప్పుడు బండారులంక నేత తువ్వాళ్లు తీసుకురా. వియ్యంకులవారికి నమస్కారాలు. పసిదాని గుప్పిట విప్పి, తాతయ్య పెట్టమన్నాడని చెప్పి ఒక ముద్దు పెట్టు.

నీ
సూర్యప్రకాశరావు