ఐదు వరసల పట్టిక

చిత్తూరు,
16 జూన్ 2024.

పవిత్రకు నీ స్టెల్లా వందనాలు. ఈడ నా ఒంటికి బాగానే ఉండాది. నువ్వూ, మీ అమ్మా చంద్రగిరిలో చల్లగా ఉండారని దేవుణ్ణి నమ్ముకోని రాస్తా ఉండాను.

మన గుజ్జు ఫ్యాక్టరీలో మళ్లీ సీజన్ మొదలైంది. తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గేటు కాణ్ణించి రోడ్డుదాకా నిలబడిండాయి. ల్యాబులో నీ కుర్చీ ఖాళీగానే ఉండాది. మధ్యాన్నం క్యారియర్ తెరిచినాక గానీ గుర్తురాదు, నీకని ఇంకో సంగటి ముద్ద తెచ్చుకున్నానని.

ట్యాంకుల వేడి లెక్కగట్టే నీ కంప్యూటర్ ప్రోగ్రాం తీసేసినారు. నువ్వు దాన్ని నాకు నేర్పించిన పొద్దు మాత్రం నా కళ్లలోనే ఉండాది. అది రాసిన కంప్యూటర్ భాషలో ఒక్కో అంకెనూ పట్టుకోని తిప్పే పని లేదు, పట్టిక మొత్తాన్ని ఒకేసారి కూడొచ్చు అన్నావు. ఐదు ట్యాంకులు, ఒక్కోదానికి గంటకొకటిగా ఇరవైనాలుగు వేడి అంకెలు, ఐదు వరసల పట్టిక. థర్మామీటర్లు ఎంతెంత తప్పు చూపిస్తా ఉండాయో కొలిచిచ్చే పని నాది. ఐదు తేడాలిస్తే ఏ ట్యాంకుది ఆ ట్యాంకు వరసకే పోయి కలుస్తాదన్నావు. నాలుగే ఇస్తే? అని అడిగినాను. ఆకారం కుదర్లేదని మొండికేస్తాదన్నావు. మరి ఒకటే ఇస్తే? దాన్నే అన్ని వరసలకీ పంచేస్తాది, కిక్కురుమనదు అని నవ్వినావు.

పోయినేడు మూడో ట్యాంకు గుజ్జు వేడి చాలక పులిసిపోయింది. అందరూ ప్రోగ్రాందే తప్పన్నారు. మేనేజర్ బాలసుబ్రమణ్యం సార్ నిన్ను నిలదీస్తే, ఆపొద్దు ఇచ్చిన తేడాల కాగితం చూపించండి సార్ అని ఒకటే మాట అన్నావు. కాగితం దొరకలేదు. నువ్వు నాపక్క చూసినావు. నేను తల దించుకున్నాను. సాయంత్రం నాతో చెప్పకుండానే బ్యాగు తగిలించుకోని పోయినావు.

ఇప్పుడు ఇంట్లోనే పిల్లకాయలకు లెక్కలు చెప్తా ఉండావని మన ఫ్యాక్టరీ గ్రేసీ చెప్పింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినానో. నువ్వు ఎత్తి హలో అంటే చాలు, పెట్టేసేదాన్ని. ఆ ఒక్క మాట కోసమే మళ్లీ చేసేదాన్ని మే పవిత్రా.

నీ
స్టెల్లా

తా.క.: ఆపొద్దు నేను ఐదు థర్మామీటర్లూ చూడలేదు. ఒక్కోదానికి నిచ్చెన ఎక్కాల. ఒళ్లు బద్ధకించి మొదటిదొక్కటే చూసి, ఆ అంకెనే ఇచ్చినాను. మూడోది ఆరు డిగ్రీలు ఎక్కువ చూపిస్తా ఉండిందంట. కాగితం చించేసింది నేనే. నిన్న సార్‌కి అంతా రాసిచ్చినాను, ఇంక పనిలోకి రావద్దన్నాడు. నేనే చంద్రగిరికి వచ్చి ఈ జాబు మీ అమ్మ చేతికిచ్చి, మీ వీధి చివర టీ అంగడికాడ కూచోనుంటాను. నువ్వు రాకపోయినా తప్పు పట్టను. అంగడి మూసేదాకా మాత్రం ఉంటాను.