చివరి చెంబు మాట

అత్తయ్యా,

నమస్కారాలు. మీరు వెళ్ళిపోయి ఏడాదిన్నర దాటింది. ఉత్తరం మొదట్లో 'మీరు క్షేమమని తలుస్తాను' అని రాయడం అలవాటు. అక్కడ ఆ మాట చెల్లుతుందో లేదో తెలియక రాయడం లేదు. ఇక్కడ మేం క్షేమం. నాకిప్పుడు ఎనిమిదో నెల.

ఈ కబురు మీకు ముందే తెలుసా? తెలిసే ఉంటుందంటుంది మా అమ్మ. తెలియకపోతే ఇదిగో, నేనే చెబుతున్నాను. స్వాతికి చెల్లెలో తమ్ముడో రాబోతున్నారు. ఎవరన్నది డాక్టర్ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరుంటే మాత్రం డాక్టర్ని కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. "తెలుసుకుంటే పోయేదేముందే? తెలియకపోతేనే గదా ఉన్న నిద్ర కాస్తా పోయేది" అనేవారు.

మీ మనవరాలి సంగతి చెప్పాలి. రెండున్నరేళ్ళు నిండాయి. పొద్దున్న కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి ఒకటే మాట... ఎందుకూ? పాలు తెల్లగా ఎందుకున్నాయి, నాన్న ఆఫీస్‌కి ఎందుకెళ్ళాడు, ఎదురింటి కుక్కకి చెప్పులెందుకు లేవు... జవాబు చెబితే దానికీ ఎందుకే. ఈ వయసు పిల్లలందరూ అంతేనని డాక్టర్ అంటాడు. నేను నమ్మను. సూపర్‌మార్కెట్‌లో తలుపు దానంతటదే తెరుచుకుంటుంటే, తీస్తున్నదెవరో పట్టుకుందామని పదిమంది చూస్తుండగా లోపలికీ బయటికీ తిరిగిన మనిషి మనవరాలు కదా అది! ఆ రోజు తలుపు వెనక్కి కూడా వెళ్ళి చూసొచ్చి, "మనిషి లేడు సుజాతా, మర్యాద మాత్రం ఉంది" అన్నారు. ఇప్పటికీ ఆ తలుపు దగ్గర నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు దాని ప్రశ్నలన్నీ నా పొట్ట చుట్టూనే. లోపల లైట్ ఉందా అని అడిగింది. లేదన్నాను. గరాజ్‌లోంచి వాళ్ళ నాన్న టార్చ్ లైట్ తెచ్చి నా బొడ్డు మీద పెట్టి వెలిగించి, ఇప్పుడు కనిపిస్తోందా బేబీ అని అరిచింది. లోపలున్నది నిజంగానే ఒక్క తన్ను తన్నింది అత్తయ్యా! వెలుతురు తగిలిందా, అక్క గొంతు వినిపించిందా... ఎవరికి తెలుసు? స్వాతికి మాత్రం అది హలో అట.

నేను తిన్నదంతా బేబీ నెత్తిన పడుతుందని దాని బెంగ. పప్పూ అన్నం కలుపుకుంటుంటే, "మమ్మీ, స్లోగా తిను, బేబీ హెయిర్ మెస్సీ అవుతుంది" అంటుంది. నీళ్ళు తాగితే పర్వాలేదు, అది షవర్. ఈ లెక్కన ఆవకాయ తిన్నప్పుడు ఏమవుతుందో నేను చెప్పలేదు.

ఒక్క విషయంలోనే దానికి నా మీద కోపం. ఒడి తగ్గిపోయింది. పుస్తకం పట్టుకుని వచ్చి కూర్చోబోతుంది, జారుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. చివరికి నా మోకాళ్ళ మీద పిట్టలా వాలి, మమ్మీ ల్యాప్ ఎక్కడికెళ్ళింది అని అడుగుతుంది. వస్తుందమ్మా అంటాను. వచ్చేసరికి అందులో ఇంకొకరుంటారని ఎలా చెప్పను? మీరు ఇద్దరు పిల్లల్ని కన్నారు కదా... పెద్దాడికి మీరేం చెప్పారు?

వంగి దాని బూట్ల లేసులు కట్టలేను. అది కార్‌సీట్‌లో కాళ్ళు చాపి కూర్చుంటే, బయట నిలబడి కడుతున్నాను. ఈ ప్లేనో ఊళ్ళో పాలకైనా, పోస్టాఫీసుకైనా కార్ తీయాల్సిందే. పొట్ట స్టీరింగ్‌కి ఆనుతుందని సీటు వెనక్కి జరిపితే, కాళ్ళు పెడల్స్‌కి అందవు. మీరుండగా పత్తి చేలున్న చోట ఇప్పుడు వరసగా ఇళ్ళు కట్టేస్తున్నారు. "ఇంతింత ఇళ్ళు కట్టుకుని మనుషులంతా ఎక్కడ దాక్కుంటారే?" అన్నారు చూడండి, ఆ ప్రశ్నకి నాకింకా జవాబు దొరకలేదు.

అసలు సంగతికి వస్తాను.

ఈసారి పురిటికి ఎవరూ రావడం లేదు. మా చెల్లెలికీ నా నెలలోనే కాన్పు. దానికి తొలిచూలు, పుట్టింట్లో జరగాలి. అమ్మ దాన్ని వదిలి ఎలా వస్తుంది? రమ్మని నేనూ అనలేదు. స్నేహితులు వంతులవారీగా వంట పంపిస్తామన్నారు. ఒకావిడ బొప్పాయి ముట్టుకోవద్దంటుంది, ఇంకొకావిడ రోజూ మాల్‌లో నడవమంటుంది. సలహాలకి కరువు లేదు. కానీ, మొదటిసారి లాగే ఇప్పుడూ ఆపరేషనే. కొన్ని వారాల దాకా నేల మీద కూర్చోలేను. మరి బిడ్డకి కాళ్ళ మీద స్నానం ఎవరు పోస్తారు?

ప్లాస్టిక్ టబ్ లేదా అంటారు. ఉంది. కొన్నాం కూడా. ఆ టబ్‌ని చూసినప్పుడల్లా నాకు దుఃఖం వస్తుంది అత్తయ్యా. స్వాతికి దక్కినదేదీ దీనికి దక్కదే అని. దానికి మీ చేతులు దక్కాయి, మీ కాళ్ళ మీద నీళ్ళు దక్కాయి. దీనికి నాన్నమ్మ అంటే గోడ మీద ఫోటో. అంతేనా?

అప్పుడు నేను చూసి నేర్చుకోవలసింది. ఎక్కడ చూడనిచ్చారు? కుట్లతో మంచం మీద నేను, గాలి తగులుతుందని బాత్‌రూం తలుపు మూసి లోపల మీరు, స్వాతి, నీళ్ళందించడానికి మీ అబ్బాయి. చెంబు చప్పుడు, ముందు ఏడుపు, తర్వాత ఏడుపు ఆగడం, ఆఖరున నీళ్ళు తిప్పిపోసేటప్పుడు మీరేదో గొణగడం... తలుపు ఇవతల నాకు వినిపించింది అంతే. శ్రీరామరక్ష అంటున్నారనుకుందామంటే, అంత పొడుగుండదు కదా? ఏమంటారు అత్తయ్యా అని ఒకసారి అడిగాను. "అది నాకూ దానికీ మధ్య మాట. నీకెందుకట?" అన్నారు. లోకంలో అందరి సంగతీ మీకు కావాలి, మీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు!

ఆ సాంబ్రాణి రోజు గుర్తుందా? మొదటి స్నానం అయ్యాక మీరు ధూపం వేయగానే హాల్లో అలారం కుయ్యోమంది. పక్కింటావిడ కంగారుపడి ఫోన్ చేసింది, వీధంతా చూస్తుండగా ఫైరింజన్ వచ్చింది. ఇంత పొడుగు బూట్లతో లోపలికొచ్చిన మనిషి ముక్కు దగ్గర మీరు ధూపం గిన్నె పెట్టారు. అతను వాసన చూసి బావుందన్నాడు. మీరు ఊరుకున్నారా? ఆ బండిలో ఎన్ని బిందెల నీళ్ళు పడతాయో అడగమని మీ అబ్బాయి ప్రాణం తీశారు. మర్నాటి నుంచి మీరు ధూపం వేస్తుంటే ఆయన కుర్చీ ఎక్కి అలారం కింద పేపరుతో విసురుతూ ఉండేవారు.

మీ అబ్బాయి సంగతి... ఎలా రాయాలో తెలియడం లేదు. మీరు ఊరికి తిరిగెళ్ళాక టెలిగ్రాం వస్తే బయల్దేరి, అన్నీ అయిపోయాక అక్కడికి చేరారు. గుండుతో తిరిగొచ్చారు. ఆఫీస్‌లో అడిగితే ఎండలకి చేయించుకున్నానని చెప్పారట. అప్పట్నుంచి అమ్మ అన్న మాట ఆయన నోటి వెంట రాలేదు. స్వాతి ఫోటో చూపించి ఎందుకు నవ్వుతోంది నాన్నా నాన్నమ్మ అని అడుగుతుంది. వెంటనే లాన్ కొయ్యడానికి వెళ్ళిపోతారు. ఈ వీధిలోకెల్లా పొట్టి గడ్డి మాదే అత్తయ్యా. నాకు భయంగా ఉండేది. ఇలాగే ఉంటే పిల్లలకి మీ గురించి చెప్పేదెవరు?

పోయిన శనివారం ఆసుపత్రిలో ఒక క్లాస్‌కి వెళ్ళాం. రెండో బిడ్డ పుట్టబోయేవాళ్ళకి. పెద్ద పిల్లల్ని కూడా తీసుకురావచ్చు. పాఠం చెప్పే ఆవిడ పేరు బెట్టీ. తండ్రులందరికీ తలా ఒక బొమ్మ, ఒక ప్లాస్టిక్ టబ్ ఇచ్చి, నీళ్ళు లేకుండా ఉత్తుత్తి స్నానం చేయించమంది. అందరూ టబ్బుల ముందు వంగి బొమ్మల్ని తుడుస్తున్నారు. మీ అబ్బాయి టబ్ వంక చూశారు, బొమ్మ వంక చూశారు. బూట్లు విప్పారు. సాక్స్ విప్పారు. ప్యాంట్ మోకాళ్ళ దాకా మడిచి, అంతమంది మధ్యలో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు!

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. బొమ్మని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దారు. వెల్లకిలా తిప్పి, కళ్ళలో నీళ్ళు పడకుండా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టారు. రెండు వేళ్ళతో ముక్కు సాగదీశారు. కుడి చెయ్యి తెచ్చి ఎడమ కాలికి ఆనించారు, ఎడమ చెయ్యి కుడి కాలికి... అక్కడే వచ్చింది చిక్కు. ప్లాస్టిక్ కాలు అంత వంగదు కదా? టప్పున ఊడి, ఎగిరి, ఎదుటి పెద్దమనిషి కుర్చీ కిందికి పోయింది.

గదంతా అమ్మో అన్నట్టయింది. స్వాతి లేచి నిలబడి గట్టిగా, "నాన్నా, బేబీ కాలు ఎందుకు తీసేశావ్?" అంది.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఎంత నవ్వారంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కాసేపటికి చూస్తే నవ్వు లేదు, నీళ్ళు మాత్రం ఉన్నాయి. అయినా స్నానం ఆపలేదు. ఒంటికాలి బొమ్మకి లేని చెంబుతో ఆఖరి నీళ్ళు తల చుట్టూ తిప్పారు. తిప్పుతుంటే పెదవులు కదిలాయి. అదే గొణుగుడు... అంతే పొడుగు.

బెట్టీ మంచి మనిషి, కోప్పడలేదు. కాలు వెతికి తెచ్చి బిగిస్తూ, టబ్ ఉండగా కాళ్ళ మీద ఎందుకని అడిగింది. మీ అబ్బాయి చెప్పారు, ముక్కు తుడుచుకుని, ఇంగ్లీష్‌లో, పొడుగ్గా. రెండు కాళ్ళ మధ్య బిడ్డ జారదని, నీళ్ళు నిలవకుండా పోతాయని, పోసే మనిషి ఒంటి వెచ్చదనం బిడ్డకి తెలుస్తుందని. మై మదర్ టాట్ మీ అన్నారు. ఈ ఏడాదిన్నరలో ఆయన మిమ్మల్ని తలుచుకోవడం అదే మొదటిసారి, అదీ ఎవరో పరాయి మనిషి దగ్గర. నాకు కోపం రాలేదు. ఏదో ఒక దారిన వచ్చారు కదా మీరు.

కార్‌లో అడిగాను, అత్తయ్య ఏమనేవారు అని. పార్కింగ్‌లో కార్ స్టార్ట్ చేయకుండా అలా కూర్చుని, ఆయన మీ గొంతుతోనే చెప్పారు.

"ఏమే పిల్లా, అక్కణ్ణుంచి ఇప్పుడే గదా వచ్చావు. మా ఆయన కనిపించాడా? పంచె సరిగ్గా కట్టుకుంటున్నాడా? వేళకి తింటున్నాడా? మర్చిపోయేలోగా చెప్పవే."

రోజూ ఇదేనట! మామయ్యగారు పోయిన మరుసటి ఏడే కదా మీరు మా దగ్గరికి వచ్చింది... ఒక్కనాడూ ఆయన పేరెత్తలేదు, ఒక్క కన్నీటి చుక్క మాకు చూపించలేదు. ఎంత గట్టి మనిషి అనుకున్నాను. మీరు అడగవలసిన వాళ్ళని అడుగుతూనే ఉన్నారన్నమాట, తలుపు మూసుకుని. స్వాతి ఏమైనా చెప్పిందా అత్తయ్యా? నిద్రలో అది నవ్వినప్పుడల్లా మీరు అంత దగ్గరగా వంగి చూసేవారు... అందుకేనా?

ఆ రోజు నుంచి మీ అబ్బాయి మాటలు ఆగడం లేదు. తన చిన్నప్పుడు మీరు గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయిన సంగతి నాకిప్పుడే తెలిసింది. స్వాతి ఎందుకూ అంటే జవాబు చెబుతున్నారు. గడ్డి కాస్త పెరిగింది. టబ్‌ని గరాజ్‌లో పెట్టేశారు. మీ రాగి చెంబుని స్వాతి టోపీగా వాడుతుంటే తీసుకుని, తోమి ఉంచాను.

నేను అనుకున్నదేమిటంటే... ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. నీళ్ళందించేది స్వాతి. నాకు గుమ్మంలో కుర్చీ. హీటర్ వేసి ఈసారి తలుపు మాత్రం తీసే ఉంచుతాం. గాలి గురించి తిట్టకండి.

పుట్టబోయేవాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు కదా. మీకు ఎదురుపడే ఉంటారు. మీరు వాళ్ళని ఊరికే వదిలిపెట్టరని నాకు తెలుసు, మా సంగతులన్నీ ఎదురు అడిగే ఉంటారు. అడిగాక మీవి కూడా రెండు మాటలు చెప్పి పంపండి. మామయ్యగారి పంచె సంగతి కూడా.

చివరి చెంబు దగ్గర మేం అడుగుతాం. రోజూ అడుగుతాం.

మీ కోడలు,
సుజాత